ప్రవేశద్వారమున వర్ణాక్షరములు

లినక్స్ యంత్రమునందు టెర్మినల్ అను నల్లని తెరను తెరచి, పేరును పాస్‌వర్డును సమర్పించి లోనికి ప్రవేశించినవానికి మొట్టమొదట కనబడునవి సాధారణముగా రెండు మూడు శుష్కవాక్యములు మాత్రమే: ఈ యంత్రము పేరేమో, ఇందు నడచుచున్న కెర్నెల్, అనగా మూలప్రోగ్రాము, ఏదో, నీవు కడపట ఎన్నడు ప్రవేశించితివో తెలుపు మాటలు. ఐతే కొందరికి ఈ శుష్కత రుచింపదు. వారు తమ యంత్రము పేరును ఆరేసి పంక్తుల ఎత్తుగల మహాక్షరములతో కట్టించి, ఎరుపు పసుపులోనికిని, పసుపు ఆకుపచ్చలోనికిని, ఆకుపచ్చ నీలములోనికిని కరగిపోవునట్లుగా రంగులద్ది, లాగిన్ అయిన ప్రతిసారియు ఆ బ్యానరును తిలకించి సంతోషించుచుందురు. గంభీరస్వభావులగు ఇంజనీర్లు దీనిని బాలక్రీడయని చప్పరింపవచ్చును. ఆ మాటను నేను పూర్తిగా కాదనజాలను. కాని ఈ క్రీడయొక్క మర్మమును విప్పిచూచినవానికి కంప్యూటరు చరిత్రలోని అరువదేండ్ల పొరలు ఒకదాని క్రింద నొకటి బయటపడును. ఏలయన, ఆ తెరకు రంగు అనునది గాని చిత్రము అనునది గాని వేరుగా వచ్చి చేరుట లేదు. చేరునదంతయు వరుసగా నడచివచ్చు సంఖ్యల ప్రవాహమే. చదువదగిన అక్షరమును, పాటింపదగిన ఆజ్ఞయు ఒకే బాటను, ఒకే వేషమున వచ్చుచున్నవి. బ్యానరునకు గల సొగసంతయు ఈ యొక్క విషయమునుండి పుట్టినది. దానివలన వచ్చు చిక్కులును అచ్చటనే పుట్టినవి.

నేడు మనము టెర్మినల్ అని పిలుచునది యంత్రము కాదు. ఒకప్పటి యంత్రమును అనుకరించు ప్రోగ్రాము మాత్రమే. అమెరికాలోని టెలిటైప్ కార్పొరేషన్ 1963లో బయటపెట్టిన 33వ నమూనా టెలిప్రింటరు, సెకనుకు పదేసి అక్షరముల చొప్పున, పెద్దబడి ఆంగ్లాక్షరములను మాత్రమే, చుట్టగా చుట్టిన కాగితముపై టకటకమని అచ్చువేయుచుండెడిది. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనువారు యూనిక్స్‌ను నిర్మించు దినములలో వారి వ్రేళ్లక్రింద నుండినది ఇట్టి యంత్రమే; యూనిక్స్ ఆజ్ఞల పేర్లు రెండు మూడక్షరములకు కుదించుకొనిపోవుటకు దాని నిదానము ఒక కారణమని చెప్పుదురు. టెలిటైపు అను మాటను కుదించి చేసిన టీటీవై అను పేరు నేటి లినక్స్‌లోను టెర్మినల్ పరికరములకు నిలిచియేయున్నది.

ఈ టెలిప్రింటర్లకై 1960లలో రూపొందిన ఆస్కీ సంకేతావళియందు మొత్తము 128 స్థానములు కలవు. వానిలో 33 స్థానములకు అచ్చుపడు రూపము లేదు; అవి యంత్రమునకిచ్చు ఆజ్ఞలు. 7వ సంకేతము వచ్చినచో యంత్రములోని నిజమైన గంట మ్రోగెడిది. 10వది వచ్చినచో కాగితము ఒక పంక్తి పైకి జరిగెడిది. 13వది వచ్చినచో అచ్చుశిరస్సు ఎడమ అంచునకు మరలెడిది. ఇన్ని ఆజ్ఞలున్నను, భవిష్యత్తులో రాబోవు యంత్రములకు ఇవి చాలవని ఐబీయంలో పనిచేసిన బాబ్ బీమర్ అను మేధావి గ్రహించెను. సంకేతావళిని విస్తరింపకయే దాని శక్తిని విస్తరించుటకు, ఒక సంకేతమును ప్రత్యేకముగా కేటాయించి, ఇది వచ్చినపిదప వచ్చు అక్షరములను అక్షరములుగా చదువరాదు, ఆజ్ఞగా గ్రహింపవలెనని నియమించుట ఉత్తమమని ఆయన ప్రతిపాదించెను. అదియే 27వ సంకేతము. దాని పేరు ఎస్కేప్. మన కీబోర్డుల ఎడమ మూలను నేటికిని కూర్చున్న మీట దానిదే. రాబోవు రంగులబ్యానర్లన్నియు ఈ ఒక్క కిటికీగుండ వచ్చినవే యని చెప్పవచ్చును.

కాగితపు యంత్రములు పోయి గాజుతెరలు వచ్చినపిదప ఒక్కొక్క తయారీదారుడు ఎస్కేప్ తరువాత తనకు తోచిన భాషను మాటలాడసాగెను. ఒక తెరను తుడిచివేయు ఆజ్ఞ మరియొక తెరపై అర్థములేని గీతలుగా కనబడెడిది. బర్క్‌లీలో బిల్ జాయ్ ఈ అరాచకమునకు విరుగుడుగా, ఏ టెర్మినలునకు ఏ ఆజ్ఞ చెల్లునో తెలుపు పట్టికను, టర్మ్‌క్యాప్ అనుదానిని సిద్ధపరచెను. మరియొకవైపు ప్రమాణసంస్థలు ఒకే భాషను స్థిరపరచుటకు పూనుకొనెను: 1976లో ఐరోపా కంప్యూటరు తయారీదారుల సంఘము తన 48వ ప్రమాణమును వెలువరించెను, 1979లో అమెరికా ప్రమాణసంస్థ దానికి సన్నిహితమైన తన ప్రమాణమును ప్రకటించెను. ఈ రెంటి నడుమ, 1978 ఆగస్టులో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ విడుదల చేసిన వీటీ100 అను టెర్మినల్ ఈ నూతనభాషను మాటలాడుచు విపణిని జయించెను. పిదప వచ్చినవారందరు దానినే అనుకరించిరి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయవిద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ తన యింటి కంప్యూటరునుండి విశ్వవిద్యాలయపు యంత్రముతో సంభాషించుటకై వ్రాసికొనిన టెర్మినల్ అనుకరణ ప్రోగ్రామే క్రమముగా పెరిగి పెరిగి లినక్స్ కెర్నెల్‌గా పరిణమించెను. టెర్మినల్ లినక్స్‌కు తరువాత తగిలించిన అలంకారము కాదు. దాని జన్మబీజమే అది.

ఇక మహాక్షరముల కథ. ఒకే పరిమాణముగల అక్షరములను మాత్రమే అచ్చువేయగల యంత్రముచేత పెద్ద అక్షరములను వ్రాయించుట ఎట్లు? చిన్న అక్షరములనే ఇటుకలుగా పేర్చుటయే దారి. ఇది వినోదమునకై పుట్టినది కాదు. పెద్ద కంప్యూటరు కేంద్రములలో పలువురి పనుల ఫలితములు ఒకే లైన్‌ప్రింటరునుండి మడతలుమడతలుగా తెగక దిగుచుండగా, ఎవరి కాగితము ఎచ్చట ముగిసినదో ఆపరేటరు దూరమునుండియే పోల్చి చింపుటకు వీలుగా, ప్రతి పనికిని ముందొక పుట నిండ యజమాని పేరును మహాక్షరములతో అచ్చువేయుచుండిరి. ఆ పుటకే బ్యానరు పుటయని పేరు. యూనిక్స్‌లో ఇదే పేరుగల ఆజ్ఞయు ఉండెను. బర్క్‌లీ శాఖలో అది అక్షరములను అడ్డముగా పరుండబెట్టి, కాగితము పొడవునకు సాగదీసి అచ్చువేయుచుండెను. గోడకు కట్టు పొడవైన ప్రకటనపత్రములకు అది చక్కగా అమరెడిది.

1991లో గ్లెన్ చాపెల్ అనునతడు, ఇయాన్ చాయ్ ప్రోత్సాహమున, ఫ్రాంక్ షీరన్ అను వేరొకని ఈమెయిలు సంతకమునందలి పెద్ద అక్షరములచే ప్రేరితుడై, ఈ పనికే క్రొత్త ప్రోగ్రామును వ్రాసెను. ముగ్గురి పేర్ల మొదటి అక్షరములతో దానికి ఫిగ్‌లెట్ అను పేరు వచ్చెను. దీని ప్రతిభ అక్షరములను పేర్చుటలో కంటె వానిని కలుపుటలో నున్నది. ఫిగ్‌లెట్ ఫాంటు అనునది సాధారణమైన పాఠ్యఫైలు. మొదటిపంక్తిలో అక్షరపు ఎత్తు, ఆధారరేఖ మొదలగు కొలతలుండును. తరువాత ప్రతి అక్షరమునకును దాని చిత్రము పంక్తుల వరుసగా వ్రాయబడియుండును. దాని ప్రామాణిక ఫాంటులో ఒక్కొక్క అక్షరమునకు ఆరు పంక్తుల ఎత్తు. ఆ చిత్రములను ఒకదాని ప్రక్క నొకటి ఉంచినంతనే సరిపోదు. నడుమ ఖాళీలు నోళ్లు తెరచికొనియుండును. కావున ఫిగ్‌లెట్ రెండవ అక్షరమును మొదటిదానికి తగులువరకు జరిపి, ఆపైన మరియొక గడి లోనికి నెట్టి, అంచులలోని గీతలను ఒకదానిలో నొకటి లీనము చేయును. ఒకే గుర్తు రెండువైపుల నున్నచో ఒక్కటే మిగులును. అండర్‌స్కోరు నిలువుగీతకు తావిచ్చి తప్పుకొనును. ఎదురెదురు బ్రాకెట్లు కలిసి నిటారుగీతయగును. వాలుగీతలు రెండు గ్రుద్దుకొనినచో అవి వంగిన దిశనుబట్టి నిలువుగీతగనో వై అక్షరముగనో మారును. ఇట్టి నియమములు ఆరు కలవు. మన ప్రబంధకవుల పద్మబంధములయందు, నాగబంధములయందు అక్షరములు చిత్రాకారమున కూర్చున్నను తమ ధ్వనిని విడువవు, పద్యము పద్యముగనే చదువబడును. ఇచ్చటి అక్షరములు మాత్రము ధ్వనిని పూర్తిగా త్యజించి గీతలుగా మిగిలిపోవును. ఈ భేదము స్వల్పముగా కనబడినను, తెలుగు ప్రసంగము వచ్చినపుడు దీని బరువు తెలియును.

ఫిగ్‌లెట్‌కు రంగులు తెలియవు. ఆ లోటును తీర్చుటకు సామ్ హోచెవార్ అనునతడు దాని ఫాంటులనే వాడుకొనుచు, యూనికోడును రంగులను కూడ ఎరిగిన వేరొక ప్రోగ్రామును వ్రాసి, సభ్యసమాజమున ఉచ్చరించుటకు సంకోచింపదగిన టాయిలెట్ అను పేరు దానికి తగిలించెను. ఇట్టి కొంటెతనము ఈ రంగమున పరిపాటి, పెద్దలు క్షమింపవలసియుండును.

రంగుల ఆజ్ఞను ఒకసారి విడదీసి చూతము. 27వ సంకేతము, దానివెంట ఎడమ చదరపు బ్రాకెట్టు, తరువాత 31 అను రెండంకెలు, కడపట చిన్నబడి ఎమ్ అక్షరము: ఈ ఐదు సంకేతములు వరుసగా వచ్చిన మరుక్షణమునుండి టెర్మినల్ ఎర్రసిరాతో వ్రాయసాగును. ఇచ్చట ఎన్నదగిన విశేషమేమనగా, రంగు ఏ యొక్క అక్షరమునకును అంటుకొనదు; అది టెర్మినలుయొక్క మనఃస్థితి వంటిది. వేరొక రంగు ఆజ్ఞ గాని, రద్దుచేయు ఆజ్ఞ, అనగా 31కి మారుగా సున్న గలది, గాని వచ్చువరకు ఆ స్థితి మారదు. బ్యానరు చివర ఈ సున్నను మరచినవానికి తరువాత వచ్చు ఆజ్ఞలును, జవాబులును అన్నియు అదే రంగులో తడిసి కనబడును.

తొలి ప్రమాణమునందు రంగులు ఎనిమిదే, 30 మొదలు 37 వరకు. ఈ వరుస యాదృచ్ఛికము కాదు. ఎరుపునకు 1, ఆకుపచ్చకు 2, నీలమునకు 4 అని విలువలు కట్టి కూడిన మొత్తమే ఆ సంఖ్యయొక్క చివరి అంకె: ఎరుపును ఆకుపచ్చయు కలిసిన 3, అనగా 33, పసుపు, ఆకుపచ్చయు నీలమును కలిసిన 36 ఆకాశవర్ణము, మూడును కలిసిన 37 తెలుపు, ఏమియు లేని 30 నలుపు. రంగులగాజుతెర వెనుక మూడు ఎలక్ట్రాను ధారలుండుటయు, ఒక్కొక్కటి వెలుగుట లేదా వెలుగకుండుట యను రెండే స్థితులుండుటయు ఈ అంకెలలో శిలాజమువలె నిలిచిపోయినది. తరువాత 256 రంగుల పద్ధతి వచ్చెను: మొదటి 16 పాతవి; ఆపైన మూడు మూలవర్ణములను ఆరేసి మెట్లుగా విభజించి గుణింపగా వచ్చిన 216; కడపట బూడిదవర్ణపు ఛాయలు 24. నేటి టెర్మినళ్లలో పెక్కు మూలవర్ణమొక్కింటికి 256 మెట్ల చొప్పున మొత్తము 1,67,77,216 రంగులను ఎరుగును. ఇన్ని రంగులు చేతికివచ్చినను, నల్లనితెరపై ముదురునీలముతో వ్రాయు దురలవాటును మాత్రము మానుకొనవలెను. తెలుపు వెలుగులో మన కంటికి తోచు ప్రకాశమున నీలపు భాగము నూటికి సుమారు ఏడు మాత్రమే. ఆకుపచ్చ భాగము నూటికి సుమారు డెబ్బదిరెండు. నీలమునకు పూర్ణశక్తిని ఇచ్చినను నలుపుపై అది మసకగానే యుండును.

ఇంద్రధనుస్సువలె రంగులు కరగుచు పోవు బ్యానర్లను కట్టుటకు ఎక్కువమంది వాడునది లోల్‌క్యాట్ అను చిన్న ప్రోగ్రాము. రూబీ భాషలో వ్రాయబడిన ఈ ప్రోగ్రాము హృదయమంతయు మూడు పంక్తుల త్రికోణమితి. అక్షరముయొక్క స్థానమునుబట్టి ఒక కోణమును తీసికొని, దాని సైనువిలువను 127చే గుణించి 128 కూడినచో ఎరుపుపాలు వచ్చును. అదే కోణమునకు 120 డిగ్రీలు చేర్చి లెక్కించినచో ఆకుపచ్చపాలు. 240 డిగ్రీలు చేర్చినచో నీలపుపాలు. మూడు తరంగములును ఒకే ఆకారము, ఒకే ఎత్తు గలవి. ఒకదానికొకటి తృతీయాంశము వెనుకబడి నడచును. మన పల్లెలలో వ్యవసాయపు మోటార్లకు వచ్చు త్రీఫేజు కరెంటు నడచునది సరిగా ఈ నడకనే. ఆ మూడు తీగెలలోని వోల్టేజీలను ఏ క్షణమున కూడినను సున్నయే యగునట్లు, ఇచ్చట మూడు సైనుల మొత్తము సున్నయగును. కాబట్టి ఎరుపు, ఆకుపచ్చ, నీలముల మొత్తము ప్రతి అక్షరమునందును 384గానే నిలుచును. ఒక రంగు తగ్గినంత మిగిలిన రెండును కలిసి పెరుగును. బ్యానరు ఎచ్చటను చీకటిలో మునుగకుండుటకును, తెల్లబోకుండుటకును కారణమిదియే. రంగుల చారలు నిటారుగా గాక ఏటవాలుగా కనబడుటకు కారణము వేరు: పంక్తి మారినపుడెల్ల కోణమునకు ఒక మెట్టు కలియును, అడ్డముగా మూడక్షరములు నడచినగాని ఆ మెట్టు రాదు. కావున క్రింది పంక్తిలో అదే రంగు మూడు గడుల ఎడమకు జరిగి కనబడును.

అక్షరములు, రంగులు సిద్ధమైనవి. వీనిని ఎచ్చట నిలుపవలెను? లినక్స్ ప్రవేశమునకు ఒకదాని వెంట ఒకటిగా పలు వాకిళ్లు కలవు. యంత్రము ఎదుట కూర్చుండి ప్రవేశించువానికి, పేరడుగుటకు ముందే, ఈటీసీ డైరెక్టరీలోని ఇష్యూ అను ఫైలులోనిది కనబడును. దూరమునుండి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చువానికి, సర్వరు నిర్వాహకుడు కోరినచో, పాస్‌వర్డునకు ముందు వేరొక ఫైలు చూపబడును. అనుమతి లేనివారు ప్రవేశింపరాదను హెచ్చరికలను కార్యాలయములు సాధారణముగా ఉంచునది ఇచ్చటనే. ఈ వాకిట రంగులు పనిచేయకపోవుట పలువురిని ఆశ్చర్యపరచును: ఎర్రని అక్షరములకు మారుగా వెనుకగీతయు, 033 అను అంకెలును తెరపై వికృతముగా ప్రత్యక్షమగును. అష్టాంశమానమున 27కు రూపమే ఆ 33. ఇది లోపము కాదు, బుద్ధిపూర్వకమైన కట్టడి. పాస్‌వర్డు ఇయ్యకముందు అవతలి యంత్రము మిత్రునిదో శత్రునిదో తెలియదు. తెలియనివాడు పంపిన ఆజ్ఞలను మన టెర్మినల్ తలవంచి పాటింపరాదు. 2006లో వెలువడిన ఎస్‌ఎస్‌హెచ్ ప్రమాణపత్రమే ఈ సందేశమునందలి నియంత్రణసంకేతములను వడపోయుట మేలని విధించినది.

పరిచయము ముగిసిన పిదప వచ్చు వాకిలి ఎం.ఓ.టి.డి., అనగా నాటి సందేశము. ఇచ్చట వడపోత లేదు. ఫైలులోని సంకేతములు ఉన్నవున్నట్లుగా తెరకు చేరును, రంగులు వికసించును. ఉబుంటు మొదలగు పంపిణీలలో ఈ సందేశము ఒకే ఫైలుగా గాక, పేర్లముందు 00, 10, 50 అని అంకెలు తగిలించిన చిన్న స్క్రిప్టుల వరుసగా ఉండును. ప్రవేశించిన ప్రతిసారియు అవి క్రమముగా నడచి, వాని జవాబులన్నియు కలిసి సందేశమగును. సొంత బ్యానరును చేర్చగోరువాడు తక్కువ అంకెతో ఒక స్క్రిప్టును వ్రాసి, దానియందు ఫిగ్‌లెట్ జవాబును లోల్‌క్యాట్‌లోనికి పంపినచో చాలును. అయితే ఒక మెలికయున్నది: తన జవాబు మనుష్యుడు చూచు తెరకు పోవుటలేదని గ్రహించినచో లోల్‌క్యాట్ వినయముగా రంగులను మానివేయును, బలవంతము చేయు సూచన ఇచ్చినగాని రంగులు వేయదు. ఆ స్క్రిప్టులు నడచునది రూట్, అనగా యంత్రముపై సర్వాధికారము గల నిర్వాహకుని, అధికారముతో. కావున వానిని మార్చు హక్కు ఇతరులకెవ్వరికిని ఉండరాదు. ఈ హంగంతయు గిట్టనివాడు తన హోమ్ డైరెక్టరీలో హష్‌లాగిన్ అను ఖాళీఫైలును, పేరుముందు చుక్కతో, ఉంచుకొన్నచో సందేశము మూగబోవును.

ఈ సందేశమునకు యూనిక్స్ కంటె పూర్వచరిత్ర కలదు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో నాయకత్వమున 1961లో ప్రదర్శింపబడిన సీటీఎస్ఎస్ అను యంత్రవ్యవస్థయందు, పలువురు ఒకే కంప్యూటరును ఏకకాలమున పంచుకొనుచు, ప్రవేశించిన ప్రతిసారియు నాటి సందేశమును పొందుచుండిరి. 1960ల నడుమ ఒకనాడు, ప్రవేశించిన ప్రతివానికిని ఆ సందేశమునకు మారుగా సభ్యులందరి పాస్‌వర్డుల పట్టిక అచ్చుపడసాగెను. కారణము అతిసామాన్యము: అచ్చటి ఎడిటరు తాను దిద్దుచున్న పాఠమును దాచుకొను తాత్కాలికఫైలునకు ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టెడిది, ఒక డైరెక్టరీలో ఒకే వ్యక్తి పనిచేయునని దాని నిర్మాతల ఊహ. వ్యవస్థానిర్వాహకులలో ఇద్దరు ఒకే సమయమున, ఒకే డైరెక్టరీనుండి, ఒకరు సందేశమును మరియొకరు పాస్‌వర్డుల ఫైలును దిద్దుచుండగా ఆ తాత్కాలికఫైళ్లు తారుమారయ్యెను. పాస్‌వర్డులు ఏ మరుగును లేక ఉన్నవున్నట్లుగా వ్రాయబడియుండుటచే చదువుటకు ఎవరికిని కష్టము లేకపోయెను. ఈ వృత్తాంతమును 1979లో రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ పాస్‌వర్డుల భద్రతపై వ్రాసిన వ్యాసమున ఉదాహరించిరి. కార్బటో స్వయముగా తన ట్యూరింగ్ పురస్కారప్రసంగమున దీనిని చెప్పుకొనెను.

కడపటి వాకిలి షెల్, అనగా మనము వ్రాయు ఆజ్ఞలను స్వీకరించి నడపు ప్రోగ్రాము. బాష్ అను షెల్ మేల్కొనునపుడు చదువు ఆరంభఫైళ్లలో బ్యానరును ఉంచుకొనువారే సామాన్యులలో అధికులు. రూట్ అధికారము లేనివానికి గతి అదియొక్కటే గదా. ప్రమాదము పొంచియున్నదియు ఇచ్చటనే. ఎస్‌ఎఫ్‌టీపీ ద్వారా ఫైళ్లను పంపునపుడు అవతలి యంత్రమున షెల్ మేల్కొనును. ఐతే అప్పుడు వినుచున్నది మనుష్యుడు కాదు, మరియొక ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము తనకు వచ్చిన మొదటి నాలుగు బైట్లను, వెనుకరానున్న సందేశముయొక్క పొడవును తెలుపు ఒకే సంఖ్యగా చదువును. ఎర్రరంగు ఆజ్ఞతో మొదలగు బ్యానరు ముందుగా వచ్చినచో ఆ నాలుగు బైట్లు 27, 91, 51, 49. వీనిని ఒకే సంఖ్యగా కూర్చినచో 45,89,61,713 అగును. రెండులక్షల అరువదిరెండువేల చిల్లర బైట్లకు మించిన సందేశమును స్వీకరింపని ఆ ప్రోగ్రాము, నలుబదియైదు కోట్లకు పైబడిన పొడవును చూచి, సందేశము మితిమీరినదని పలికి సంబంధమును తెంచుకొనును. వెల్‌కమ్ అను ఆంగ్లపదముతో మొదలిడినను ఫలమిట్టిదే. అప్పటి సంఖ్య 146 కోట్లు దాటును. ఫైలు ఎందులకు పోవుటలేదో తెలియక నెట్‌వర్కును, పాస్‌వర్డును, ఫైర్‌వాలును అనుమానించుచు గంటలు గడపువారు తమ స్వాగతవచనమునే అనుమానింపరు. విరుగుడు సులభము: బ్యానరునకు ముందు, ఈ షెల్ మనుష్యునితో సంభాషించుచున్నదా యని పరీక్షించి, కానిచో మౌనము వహింపుమని ఒక పంక్తి వ్రాసికొనవలెను. లోల్‌క్యాట్ తనంతట తాను పాటించు మర్యాద ఇదియే.

అక్షరమును ఆజ్ఞయు ఒకే బాటను నడచుట ఎంత దూరము తీసికొనిపోవునో ఇందువలన తెలియుచున్నది. ఊరుపేరు తెలియని ఫైలును తెరపైకి యథాతథముగా కుమ్మరించినచో, అందు దాగిన ఎస్కేప్ ఆజ్ఞలు తెరను తుడువగలవు, వ్రాసినదానిపై వేరొకటి వ్రాసి కప్పగలవు, కిటికీ శీర్షికను మార్చగలవు. అందుచేతనే లెస్ అను పాఠకప్రోగ్రాము ఎస్కేపును ఆజ్ఞగా గాక గుర్తుగా చూపుట తన సహజధర్మముగా పెట్టుకొన్నది. రంగులు కావలెనన్నచో దానిని ప్రత్యేకముగా అర్థింపవలెను.

ఇంతవరకు మహాక్షరములనగా రోమన్ లిపియే. ఆ బ్యానరును తెలుగున కట్టరాదా యను కోరిక తెలుగువానికి కలుగుట సహజము. యూనికోడ్ మొదటి కూర్పులో, అనగా ఫిగ్‌లెట్టును లినక్సును పుట్టిన ఆ 1991లోనే, తెలుగునకు 3072 మొదలు 3199 వరకు గల సంఖ్యలు కేటాయింపబడినవి. కావున సంకేతములకు కొరతలేదు. కొరత గడులలో నున్నది. టెర్మినల్ తెర సమానమైన గడుల చట్రము. దాని లోకమున సాధారణముగా ఒక సంకేతమునకు ఒక గడి. స్త్రీ అను ఒక్క అక్షరమును తీసికొనుము: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈకారచిహ్నము అని అందు ఆరు సంకేతములు, పదునెనిమిది బైట్లు. టెర్మినల్ వ్యంజనమునకు ఒక గడి చొప్పున మూడు గడులిచ్చును. పొల్లులకును గుడిదీర్ఘమునకును గడులే ఇయ్యదు. ఒత్తులు క్రిందికి దిగి, గుడిదీర్ఘము పైకెక్కి, మూడు వ్యంజనములు ఒక్క శిల్పముగా మారవలసినచోట, చట్రము వానిని విడివిడిగా లాగును. గ్రాఫికల్ తెరలోని టెర్మినళ్లు ఎట్లో కొంత సర్దుకొనును గాని, కెర్నెల్ తానుగా నడపు మూలకన్సోలునకు 512 రూపములకు మించి ఫాంటులో చోటే లేదు. తెలుగు సంయుక్తాక్షరములను కూర్చు పరిజ్ఞానమును లేదు. ఫిగ్‌లెట్టునకు తెలుగు ఫాంటును వ్రాయబూనినను ఇదే అడ్డు: అది ప్రతి సంకేతమునకును ఒక చిత్రమును వెదకి ప్రక్కప్రక్కన పేర్చునే గాని, తకారము సకారము క్రింద ఒత్తుగా మారవలెనని ఎరుగదు.

దారి లేకపోలేదు. ఐబీయం పీసీ తొలి అక్షరావళినుండియు పైసగము నిండి, క్రిందిసగము ఖాళీగానుండు అర్ధఘనపు గుర్తు ఒకటి కలదు. దానిని వ్రాయునపుడు అక్షరపురంగు పైసగమునకును, నేపథ్యపురంగు క్రిందిసగమునకును పట్టును. అనగా ఒక్కొక్క గడి వేర్వేరు రంగులుగల రెండు బిందువులగును. 80 గడుల వెడల్పు, 24 పంక్తుల ఎత్తుగల తెర ఇట్లు 80 చే 48 బిందువుల చిత్రపటముగా మారును. కోరిన తెలుగుమాటను మంచి ఫాంటుతో మొదట చిత్రముగా తయారుచేసికొని, ఆ చిత్రమును ఇరువదినాలుగు బిందువుల ఎత్తునకు కుదించి, చాఫా వంటి పరికరముచేత ఈ అర్ధఘనములుగా మార్చి, ఫలితమును ఎం.ఓ.టి.డి. ఫైలులో భద్రపరచినచో, తెలుగు ఫాంటు లేని యంత్రమునుండి ప్రవేశించినవానికిని ఒత్తులు, గుణింతములు చెదరక మహాక్షరములతో మాట కనబడును. పండ్రెండు పంక్తులు దానికి వినియోగింపబడును. ఒత్తులుగల మాటకు అంతకంటె తగ్గించినచో రూపము చెడును. అయితే ఆ ఫైలులో తెలుగు సంకేతము ఒక్కటియు ఉండదు. పాఠములో మాటలను వెదకు గ్రెప్ అను ప్రోగ్రాము ఆ మాటను పట్టుకొనలేదు. చూపులేనివారికి తెరను చదివి వినిపించు ప్రోగ్రాము దానిని అర్ధఘనముల జాబితాగా వల్లించి విసిగించును. అందుచేత చిత్రము ముగిసినచోట రంగులను రద్దుచేయు సున్న ఆజ్ఞను ఉంచి, దాని క్రింది పంక్తిలో అదే మాటను మామూలు అక్షరములతో మరల వ్రాయవలెను.